గోడ తెల్లబడే గంట

పొద్దున లేచేసరికి ఆకాశం తోమని గిన్నెలా ఉంది. మబ్బు అనడానికి లేదు, మబ్బయితే ఒక అంచుంటుంది, అటో ఇటో పోతుంది. ఇది కదలదు, కురవదు, కురవనని మాటా ఇవ్వదు. గుమ్మంలో నిలబడి అరచెయ్యి చాపి చూశాను. చెమ్మ. గాలి ఎక్కడా లేదు. "ఇవాళేనా నీ సున్నం?" అంది అక్క లోపలి నుంచి, మంచం మీదే పడుకుని, ఆకాశం చూడకుండానే. కళ్లు తగ్గేకొద్దీ ఆమెకి ముక్కు పదునెక్కింది. "ఊఁ" అన్నాను. "ఆరదురా" అంది. "ఊఁ" అన్నాను మళ్లీ. నా మాటలు అంతే, ఒకదాన్నే రెండుసార్లు వాడుకుంటాను. చిన్నప్పటి నుంచి నన్ను మూగోడనే అంటారు, మూగవాడినేం కాదు, ఏదైనా చెబుదామనుకునేలోపు పక్కవాళ్లు చెప్పేస్తారు, అంతే.

ఇప్పుడు సాయంత్రం. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను, ఎదురుగా గోడ, నలభై అడుగుల పొడుగు, పన్నెండడుగుల ఎత్తు, పాత సున్నపు బట్టీ షెడ్డుకి మిగిలిన ఒకే ఒక్క గోడ. పైకప్పు లేదు, మిగతా మూడు గోడలు లేవు, ఇది మాత్రం ఎవరి కోసమో ఆగిన మనిషిలా నిలబడి ఉంది. మూడో పూత ముగించేసరికి మధ్యాహ్నం దాటింది. చినుకులు పడతాయేమోనని రెండు గంటలు పట్టా పట్టుకుని కూర్చోవడంతో అంత ఆలస్యం. గోడ ఇప్పుడు తడిసిన గోనెసంచి రంగులో ఉంది. తెలుపు లేదు, తెలుపు జాడ లేదు. మున్సిపాలిటీ సూపర్‌వైజరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఏమయ్యా మేస్త్రీ, సున్నం కొట్టమంటే నీళ్లు కొట్టావేంటి?" అన్నాడు. అతని బండిలో రెండు డబ్బాల ప్లాస్టిక్ పెయింటు ఉంది, రోలర్లున్నాయి, ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. బొమ్మలమ్మాయి నా మొహంలోకి చూసింది. "బాబాయ్, ఏం చేద్దాం?" "ఆగాలి." "ఎంతసేపు?" "ఆరేదాకా." సూపర్‌వైజరు ఘొల్లున నవ్వాడు. "ఈయన్ని వానెప్పుడొస్తుందని అడిగితే కురిసినప్పుడంటాడమ్మా! సరే, వీధిలైట్లు వెలిగేదాకా చూస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే మా రోలర్లు ఎక్కిస్తా. మీకిచ్చింది ఇవాళొక్క రోజే, రేపు పొద్దున ఈ గోడ ఉండదు, రోడ్డొస్తోంది, తర్వాత నన్ననుకోవద్దు." చెడ్డవాడు కాదు. చెప్పాల్సింది చెప్పి టీ తాగడానికి పోయాడు.

వీధిలైట్లకి ఇంకొక గంటుంటుంది.

బొమ్మలమ్మాయి పని విచిత్రమైన పని. ఊరూరూ తిరిగి పాత ఫొటోలు పోగేస్తుంది, అందులోని మనుషులు ఒకప్పుడు ఎక్కడ బతికారో ఆ చోటికే వెళ్లి, అక్కడ మిగిలిన గోడ మీద వాళ్లని వెలుతురుతో నిలబెడుతుంది. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు చెప్పింది, "చిన్నగా చూపించను బాబాయ్, మనిషంత మనిషిని చూపిస్తాను, వాళ్లు ఎంత ఉండేవాళ్లో అంత." అక్క అడిగింది, "అది చూసి ఏం చెయ్యాలమ్మా?" అమ్మాయి "తెలియదు పెద్దమ్మా, జనం వచ్చి ఏదో ఒకటి చేస్తారు" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. తెలియనిది తెలియదనే మనిషి కింద పని చెయ్యొచ్చు. అందుకే గోడకి పెయింటు అన్నప్పుడు నా అంతట నేనే నోరు తెరిచి సున్నం అన్నాను. పెయింటు మెరుస్తుంది, వెలుతురు పడితే తిప్పి కొడుతుంది, దాని మీద మొహం నిలవదు. సున్నం వెలుతురుని పుచ్చుకుంటుంది. ఇది పైకి చెప్పిన మాట. లోపలి మాటేమంటే, సున్నం కాల్చి బతికిన వాళ్లని డబ్బాలో వచ్చిన రంగు మీద నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఒప్పలేదు సరే, నేను చివరిసారి సున్నం పట్టి ముప్ఫై ఏళ్లయింది కదా. ముప్ఫై ఏళ్లుగా నేను కొట్టేదీ ఆ డబ్బా రంగే, ఇళ్లకీ బడులకీ ఆస్పత్రులకీ. ఈ సున్నపు గడ్డలు బస్తాలో వచ్చాయి, ఎన్నాళ్ల నాటివో కొట్టువాడికే తెలియదు, గాలి తగిలి చచ్చిన సున్నం అయితే గోడ పట్టదు, ఆరాక బూడిదలా రాలిపోతుంది. తొట్టిలో నీళ్లు పోసినప్పుడు ఉడికిందా? ఉడికింది. కానీ బట్టీ దగ్గర మా పిన్ని ఉడికించినట్టు ఉడికిందా? పిన్ని సున్నం విరిస్తే తొట్టి బుసకొట్టేది, గట్టు మీద నిలబడ్డ కాళ్లకి వేడి తెలిసేది. నిన్నటి తొట్టి పెద్దమనిషి దగ్గినట్టు రెండుసార్లు గురగురమని ఊరుకుంది. అక్కకి చెప్పలేదు. చెబితే ఎముకల్లో సున్నం లేకుండా తిడుతుంది. అక్క అక్కడే ఉంది, గోడకి ఇరవై అడుగుల దూరంలో కుర్చీ వేయించుకుని, శాలువా కప్పుకుని, సినిమాకొచ్చినట్టు కూర్చుంది. డాక్టరు చెప్పాడు, ఈ ఏడు దాటాక వెలుగూ చీకటీ తెలియడమే ఎక్కువని. ఇప్పటికి పెద్దవీ తెల్లటివీ అయితే పోల్చుకుంటుంది. "ఒరేయ్ మూగోడా, గోడని అట్లా గుడ్లప్పగించి చూడకురా" అంది అక్కడి నుంచే, "సున్నం సిగ్గరి, చూస్తుంటే తెల్లబడదు." పిన్ని మాట అది. ఎన్నేళ్లకి విన్నాను. ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో.

నిజమే, సున్నం సిగ్గరి. పాలలా పలచగా కలిపి పూస్తే గోడ మీద ఉన్నట్టే ఉండదు, రాయి కనిపిస్తూ ఉంటుంది, కొత్తవాడు భయపడి ఇంకో చెయ్యి వేస్తాడు, మరీ చిక్కగా వేస్తాడు, అప్పుడు పెచ్చులు లేస్తుంది. భయపడని వాడే సున్నం పనివాడు. పూసి పక్కకి తప్పుకోవాలి. నీళ్లు లోపలికి పోతాయి, గాలి లోపలికి వస్తుంది, ఆ ఇచ్చిపుచ్చుకోవడం మనకి కనిపించదు. ఎండ అక్కర్లేదు, ఎండైతే తొందరపెట్టి పాడు చేస్తుంది. కాస్త గాలి కావాలి. ఆకు కదిలేటంత. ఇవాళ ఆ కాస్తే లేదు. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి కొస వంకే చూస్తున్నాను, అది కదిలితే చాలని. దుప్పటి ఫొటో తీయించుకుంటున్నట్టు బిగుసుకుని ఉంది.

ఫొటో అనుకోగానే నవ్వొస్తుంది. పిన్ని చెప్పి చెప్పి నవ్విన కథ. బట్టీ యజమాని తన హాల్లో తగిలించుకోవడానికని పట్నం నుంచి ఫొటోలాయన్ని పిలిపించాడు. ఇదే షెడ్డులో, ఇదే గోడకి ఆనించి ముప్ఫై ఒక్క మందిని నిలబెట్టారు, తలలు దువ్వించారు, మొహాలు కడిగించారు. లోపల చీకటి కదా, ఆయన ఒక రేకు పళ్లెంలో పొడి పోసి వెలిగించాడు, భగ్గుమని వెలుగు, దాని వెంట తెల్లటి పొగ. అంతే, ముప్ఫై ఒక్క చేతులు ఒక్కసారి లేచాయి, ముప్ఫై ఒక్క మెడగుడ్డలు ముక్కుల మీదికెక్కాయి, ముడులు పడ్డాయి. తెల్లగా లేచిందంటే మూసుకోవాలి, బట్టీ దగ్గర నడక నేర్చే పిల్ల కూడా ముందు నేర్చేది అదే, ఊపిరితిత్తుల్లోకి సున్నం పోతే మనిషి మిగలడు. ఫొటోలాయన గుడ్డలు తీయండని గంతులేశాడట. తీశారు. మళ్లీ పొడి వెలిగించాడు. మళ్లీ మూసుకున్నారు. "మేమేం చెయ్యం, చేతులే లేచాయి" అనేది పిన్ని. మూడోసారికి ఆయన పొడి అయిపోయింది, ఓపికా అయిపోయింది. యజమాని హాల్లోకి తన కుక్కల ఫొటో వచ్చింది. మా వాళ్లు పడిన గాజు పలక ఒక్కటి అటక మీది పెట్టెలోకి పోయింది, అంచున ఒక అడ్డగీతా, 'చెడింది' అనే మాటా రాసి. అరవై తొమ్మిదేళ్లకి బొమ్మలమ్మాయి దాన్ని పట్టుకుంది. మొహాల్లేని ఆ ఫొటోనే కావాలంది.

మాకు మొహాలతో పనేముంది. బట్టీ వాడలో నలభై ఇళ్లు, పగలంతా అందరి మొహాలకీ గుడ్డలే, అందరి ఒళ్లూ ఒకే తెలుపు, ఎవరెవరో ముడిని బట్టి తెలిసేది. ఒక్కో ఇంటికి ఒక్కో ముడి. మెడ పక్కన జంట ముడి ఒకరిది, నెత్తి మీద కుచ్చు ఒకరిది, కొస బయటికి వేలాడేసేది ఒకరిది. కోడళ్లు వచ్చాక అత్తింటి ముడి నేర్చుకోవాలి. మా అమ్మ నేర్చుకోలేదట. ఎడం చెవి కింద, కొస లోపలికి దోపి, పుట్టింటి ముడే కట్టేది. నాయనమ్మ "ఇదేమైనా నీ పుట్టిల్లా?" అంటే, "గుడ్డ నాదే కదా" అనేదట. ఆ ఒక్క మాటే అమ్మది నాకు తెలిసింది. నేను పుట్టిన మూడో నెలలో పోయింది. ఆమె ఫొటో లేదు. పిన్ని, అమ్మ చెల్లెలు, నన్ను భుజాన వేసుకుని పెంచింది. తర్వాత సిమెంటొచ్చింది, బట్టీలు చల్లారాయి, వాడని ఖాళీ చేయించారు, మేం ఒలికిన ఆవాల్లా తలా ఒక దిక్కుకి పోయాం. ఇందాక సూపర్‌వైజరు తన మ్యాపు నాకు చూపించాడు. "ఇక్కడ మనుషులుండేవాళ్లా? ఇందులో గోదామని ఉందే." వేలు పెట్టి మరీ చూపించాడు. అనాల్సింది ఎక్కువున్నప్పుడు నాకు నోరు రాదు.

ఫొటో కాగితం మీద అరచేతిలో పట్టేంతే. భూతద్దం పెట్టి రాత్రీ పగలూ చూశాను. ఎడం చెవి కింద ముడి ఇద్దరికుంది. ఉంటుంది మరి, అక్కాచెల్లెళ్లు ఇద్దరిదీ ఒకే పుట్టిల్లు. ఒకామె వరస మధ్యలో సూటిగా చూస్తోంది. ఇంకొకామె ఎడమ చివర, ఆఖరి మనిషి, కదిలింది, మొహం పక్కకి తిరిగి అలుక్కుపోయింది, నడుం పక్కన ఏదో మచ్చ. సూటిగా చూసేదే అమ్మ అనుకున్నాను. నాలుగు నెలలుగా పొద్దున లేచి ఆమెతోనే మాట్లాడాను, లోపల్లోపల. ఇవాళ చెమ్మ ఉందమ్మా, ఇవాళ సున్నం తెచ్చానమ్మా. కాదేమో అని ఒక పురుగు తొలుస్తూనే ఉంది. తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, అక్క, అప్పటికి తొమ్మిదేళ్లది. కాగితం చేతిలో పెడితే కళ్లకి ఆనించుకుని చూసి, "ఇవి మనుషులా, ఈగలా?" అని తిరిగిచ్చేసింది. అందుకే ఈ గోడ. మనిషంత మనిషి పడితే, గోడ తెల్లగా ఉంటే, అక్క చెబుతుంది. ఇవాళ కాకపోతే గోడ ఉండదు, ఇంకొన్నాళ్లకి ఆ చూపూ ఉండదు. ఇదంతా నేను బకెట్టు మీద కూర్చుని, తడి గోనెసంచి లాంటి గోడని చూస్తూ అనుకుంటున్నాను.

వెనక జనం చేరుతున్నారు. అమ్మాయి వెతికి పట్టుకున్న మా వాడ వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు, పాతిక మందికి పైనే, చాపలు పరుచుకుంటున్నారు, ఒకరికొకరు తెలియరు, నువ్వెవరంటే నువ్వెవరని అడుగుతున్నారు. ఎవరో అన్నారు, "గోడ ఇలాగే ఉంటుందా?" ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. చచ్చిన సున్నమేనేమో. లేచి రోలరు పట్టుకోనా? పట్టుకుంటే ఏం పోయింది, బొమ్మయితే పడుతుంది కదా, మెరిసినా అక్క పోల్చుకోలేదా, పోల్చుకుంటుందేమో, నా పంతం కోసం ఆమె కళ్లని పందెం కాశానా...

చెవి వెనక చల్లగా తగిలింది.

దుప్పటి కొస లేచింది. పడింది. మళ్లీ లేచి ఈసారి నిలిచింది. నేను గోడ వైపు చూడకుండా కాళ్ల వైపు చూసుకున్నాను, సిగ్గరి కదా, చూడకూడదు. బొటనవేలి మీద ఎండిన సున్నపు చుక్క ఉంది, గీరాను, రాలేదు. గోరుతో గట్టిగా గీరాను. రాలేదు. పట్టింది! బతికున్న సున్నం! తలెత్తేసరికి గోడ కుడి పై మూల పళ్లెమంత తెల్లగా అయింది, చూస్తుండగానే పళ్లెం చాపంత, చాప పందిరంత, పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకి, పాలు పొంగినట్టు పొంగింది గోడ, పిన్ని చేతి కింద పొంగిన తొట్టిలా, రాయి పోయింది, పగుళ్లు పోయాయి, గోనె రంగు ఎటుపోయిందో, ఆ చప్పిడి ఆకాశం కింద అంత తెలుపు ఎక్కడి నుంచొచ్చిందో. సూపర్‌వైజరు రోలరుతో వచ్చి సగంలో ఆగిపోయాడు. "ఇదెప్పుడైంది?" "మీరు టీ తాగుతుంటే" అన్నాను. నా జీవితంలో అంత పొడుగు వెటకారం నేను ఆడలేదు. అక్క కుర్చీలోంచి, "తెల్లబడింది కదూ?" అంది. "నీకెలా తెలిసింది?" "మొహం మీద వెలుగు పడిందిరా."

వీధిలైట్లు వెలిగాయి. అమ్మాయి గోడ మీద బొమ్మ వేసే యంత్రం తిప్పింది.

వచ్చారు. ముప్ఫై ఒక్క మంది, కాళ్లు నేల మీద ఆనించి, అప్పుడు నిలబడ్డ చోటే, అప్పుడున్నంత ఎత్తున. గుడ్డల పైన కళ్లు. కాగితం మీద కళ్లు చుక్కలే, ఇప్పుడు గోడ నిండా కళ్లు, నవ్వు ఆపుకుంటున్న కళ్లు, అవును, అందరూ నవ్వుతున్నారు, గుడ్డల వెనక బుగ్గలు ఉబ్బాయి. అక్క లేచింది. కర్ర లేకుండా నడిచింది. ఆమె నీడ వాళ్ల మీద పడుతుంటే అమ్మాయి ఏదో అనబోయింది, నేను చెయ్యెత్తి ఆపాను. అక్క సూటిగా చూసే ఆమె దగ్గర ఆగలేదు. వరస వెంట నడిచి ఎడమ చివరికి పోయింది, కదిలిపోయిన ఆమె ముందు నిలబడింది. నడుం పక్కన మచ్చ, ఇంత పెద్దదయ్యాక, మచ్చ కాదు. అరచెయ్యి. వేళ్లు విప్పి, పక్కకి చాపి, ఫొటో అంచు బయటికి చూపిస్తున్న అరచెయ్యి.

"నన్నేరా" అంది అక్క. "ఫొటోలాయన నన్ను తోసేశాడు, పిల్లలొద్దని. తలుపు దగ్గర నిలబడి ఏడుస్తున్నా. ఆగు, అక్కడే ఉండు, అంటోంది. నాకోసమే కదిలింది అమ్మ."

అని, బొమ్మ ఆగిపోయిన చోటికి, వెలుతురు లేని చోటికి రెండడుగులు వేసి, ఒకప్పుడు తలుపున్న దగ్గర గోడకి వీపానించి నిలబడింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, చేతులు రెండూ ముందు కట్టుకుని, చెప్పిన మాట విన్న పిల్లలా. అమ్మ చెయ్యి సరిగ్గా ఆమె వైపే ఉంది.

దగ్గరికి పోయాను. "మరి నువ్వెక్కడున్నావో కనబడిందా?" అంది అక్క. "నేనప్పటికి పుట్టలేదు కదా." "పుట్టకపోతేనేం? ఆ పైగుడ్డ అంత వదులుగా ఎందుకేసుకుందనుకున్నావు? ఏడో నెల. నేను ఫొటో బయట, నువ్వు లోపల."

తర్వాత ఆమె చూపుడు వేలు ఎత్తింది. ముడి చూసి పేరు చెప్పడం మొదలుపెట్టింది, బట్టీ మీంచి కేకేసినట్టు. "జంట ముడి, బొగ్గు మావయ్య!" చాపల మీంచి ఒక ముసలాయన లేచి, "మా నాన్న!" అన్నాడు. "నెత్తి మీద కుచ్చు, పొడుగత్త!" "మా నాయనమ్మ!" "వేలాడే కొస, తిక్క బావ! పక్కన రెండు గంపల పెద్దమ్మ!" "మా వాళ్లే, ఇద్దరూ మా వాళ్లే!" ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో ఈల వేశారు, ఒకావిడ పోయి తన తాత పక్కన భుజం కలిపి నిలబడింది, భుజాలు ఒక్క ఎత్తున ఉన్నాయి. ముప్ఫై మంది అయ్యారు. సూటిగా చూసే ఆమె మిగిలింది. అక్క నా వైపు తిరిగింది. "ఇది నువ్వు చెప్పు."

నాలుగు నెలలు అమ్మా అని పిలిచాను ఆమెని. తప్పు పిలిచానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. గొంతు ఎక్కడో అడుగున ఉంది, తొట్టి అడుగున రాయిలా, నీళ్లు తగిలి అది విచ్చింది, ఉడికింది, బుసకొట్టింది. "పిన్ని!" అని అరిచాను. "మా పిన్ని! నన్ను పెంచింది! ఇక్కడే, ఈ గోడ కిందే, నలభై ఇళ్లుండేవి ఇక్కడ!" గోడ నా గొంతుని తిప్పి నాకే ఇచ్చింది, నాకంత గొంతుందని నాకే తెలియదు. సూపర్‌వైజరు టోపీ తీశాడు. మ్యాపు అతని చేతిలో చుట్టలా ఉంది, దాన్ని విప్పలేదు.

అమ్మాయి యంత్రం ఆపలేదు. ఎవరో మూటలు విప్పారు, రొట్టెలు, ఉడికించిన గుడ్లు, ఉల్లిపాయలు, ఒక డబ్బాలో ఉప్పు. గోడ ముందు వరసగా కూర్చున్నాం, వెనక వాళ్లు నిలబడి ఉన్నారు. సూపర్‌వైజరు ఎక్కడ కూర్చోవాలో తెలియక చూస్తుంటే బొగ్గు మావయ్య కొడుకు జరిగి చోటిచ్చాడు. గుడ్ల పెంకులు ఒలుస్తున్న చప్పుడు, నమిలే చప్పుడు. అక్క తన రొట్టె సగానికి తుంచి, చూడకుండానే, నా చేతిలో పెట్టింది. తిన్నాం.